ఎస్కేప్ నొక్కబోతే ఎఫ్1 పడుతోంది, ఆటోక్యాడ్‌లో ఫంక్షన్ కీలు మార్చుకోవచ్చా?

గంటస్తంభం_డ్రాఫ్టర్
విజయనగరంలో ఇళ్ల ప్లాన్లు వేసే చిన్న ఆఫీసు మాది. ఎల్టీపీ (లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్) సార్ దగ్గర డ్రాఫ్ట్స్‌మన్‌గా చేస్తున్నాను. సమస్య చిన్నదే కానీ ప్రాణం తోడేస్తోంది. కుడిచెయ్యి మౌస్ మీద ఉంటుంది. కమాండ్ క్యాన్సిల్ చేద్దామని ఎడమచేత్తో చూడకుండా ఎస్కేప్ కొడితే వేలు ఎఫ్1 మీద పడుతుంది. హెల్ప్ తెరుచుకుంటుంది. మా ఆఫీసు నెట్ సంగతి చెప్పక్కర్లేదు, తెల్ల పేజీ వచ్చి అలా తిరుగుతూనే ఉంటుంది. ఈలోగా నేను టీ, ఆర్, స్పేస్ అని ట్రిమ్ కొట్టేస్తాను, అదంతా హెల్ప్ పేజీ సెర్చ్ డబ్బాలోకి పోతుంది. పక్కన కుర్చీలో కూర్చున్న పార్టీ "ఏటి బాబూ, మా ఇల్లు ఏదీ?" అంటాడు.

అడిగేది రెండు. ఎఫ్1 చేత ఎస్కేప్ పని చేయించవచ్చా? ఎఫ్4, ఎఫ్5, ఎఫ్6 నేను ముట్టుకున్నదే లేదు, వాటికి నాకు రోజూ కావలసిన కమాండ్లు తగిలించుకోవచ్చా? ఇదే సిస్టమ్ మీద ఇంకో ఇద్దరు కూర్చుంటారు, అది కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పండి.

ఏడురోడ్ల_కుర్రోడు
చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ఎఫ్1 బటన్ పీకేయ్ గురూ. పని అయిపోతుంది.

నరసన్నపేట_క్యాడ్
పైన చెప్పింది జోక్ అనుకోకండి. నేను ఇదివరకు పనిచేసిన చోట ఒక్క కీబోర్డుకీ ఎఫ్1 ఉండేది కాదు. పీకిన బటన్లన్నీ ఓనరు గారి సొరుగులో, గుండుసూదుల డబ్బాలో ఉండేవి. కొత్త కీబోర్డు వస్తే అట్టపెట్టె విప్పగానే ముందు ఆ పనే.

కానీ బటన్ పీకినా కింద రబ్బరు బుడిపె అలాగే ఉంటుంది. వేలు గట్టిగా పడితే హెల్ప్ వచ్చేస్తుంది. కాబట్టి అది కూడా పూర్తి మందు కాదు.

వాస్తు_బాధితుడు
కీబోర్డుని ప్లాన్ అనుకుని ఉత్తరం పైకి పెట్టి చూడండి. ఎస్కేప్ వచ్చింది వాయవ్యంలో. వాయవ్యంలో ఉన్నది నిలకడగా ఉండదని మా పార్టీలు రోజూ నాకు క్లాసు పీకుతారు. మీ తప్పేం లేదు, దిక్కు అలాంటిది.

రాజాం_సివిల్
సరే, నవ్వులు అయ్యాయి కాబట్టి అసలు పని చెప్తాను. ఎఫ్1 మార్చడానికి ఆటోక్యాడ్‌లోనే దారి ఉంది, బయటి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

కమాండ్ లైన్లో సీ, యూ, ఐ అని కొట్టి ఎంటర్ నొక్కండి. కస్టమైజ్ యూజర్ ఇంటర్‌ఫేస్ అనే పెద్ద బాక్స్ వస్తుంది. ఎడమవైపు కింద కమాండ్ల లిస్టు ఉంటుంది, దాని పైన నక్షత్రం గుర్తుతో కొత్త కమాండ్ బటన్ కనపడుతుంది. అది నొక్కితే కమాండ్1 అని ఒకటి పుడుతుంది. దానికి మీకు నచ్చిన పేరు పెట్టండి, నేను "ఆపు" అని పెట్టుకున్నాను. ఇప్పుడు కుడివైపు ప్రాపర్టీస్‌లో మాక్రో అన్న గడి చూడండి. అందులో క్యారెట్ గుర్తు, క్యాపిటల్ సీ, మళ్లీ క్యారెట్ గుర్తు, మళ్లీ క్యాపిటల్ సీ, అంతే ఉండాలి. క్యారెట్ అంటే ఆరు అంకె మీద ఉండే టోపీ గుర్తు. కొత్త కమాండ్ పుట్టగానే సాధారణంగా ఈ నాలుగు అక్షరాలు అక్కడే ఉంటాయి కాబట్టి మీరు ఏమీ టైప్ చేయక్కర్లేకపోవచ్చు. దీని అర్థం ఎస్కేప్ రెండుసార్లు కొట్టినట్టే.

తర్వాత ఎడమవైపు పైన చెట్టులా ఉన్న లిస్టులో కీబోర్డ్ షార్ట్‌కట్స్ పక్కన ప్లస్ నొక్కి, లోపల ఉన్న షార్ట్‌కట్ కీస్ మీదకి మీ కొత్త కమాండ్‌ని కింద నుంచి లాక్కెళ్లి వదలండి. లాగడంలోనే చాలామంది తడబడతారు, సరిగ్గా ఆ పేరు మీదే వదలాలి. అక్కడ చేరాక దాన్ని క్లిక్ చేస్తే కుడివైపు కీస్ అనే వరుస వస్తుంది. దాని చివర మూడు చుక్కల బటన్ నొక్కి, వచ్చిన గడిలో ఎఫ్1 కొట్టి, ఓకే, అప్లై, ఓకే. అయిపోయింది. సిస్టమ్ రీస్టార్ట్ అవసరం లేదు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇది డ్రాయింగ్ మీద ఉన్నప్పుడు మాత్రమే. ఏదైనా డైలాగ్ బాక్స్ తెరిచి ఉండగా ఎఫ్1 కొడితే పాత పద్ధతిలో హెల్పే వస్తుంది.

గంటస్తంభం_డ్రాఫ్టర్
రాజాం అన్నా, పనిచేసింది! పొద్దున్నుంచి మనసు హాయిగా ఉంది. కావాలని ఎఫ్1 నొక్కి చూస్తున్నాను, ఏమీ రావట్లేదు.

ఇక ఎఫ్4, ఎఫ్5, ఎఫ్6 సంగతి?

పాతకాపు_డ్రాయింగ్‌బోర్డు
ఎఫ్1 వరకు ఒప్పుకుంటాను. మిగతావాటి జోలికి వెళ్లొద్దని నా సలహా. టీ స్క్వేర్, రోట్రింగ్ పెన్నులతో మొదలుపెట్టి క్యాడ్‌కి వచ్చినవాణ్ణి, కాస్త చెప్పనివ్వండి.

ఇప్పుడు ఉన్న సీయూఐ బాక్స్ 2006 వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు మెనూ ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి, యాక్సిలరేటర్స్ అనే సెక్షన్లో చేత్తో రాసుకునేవాళ్లం. ఒక బ్రాకెట్ తప్పితే టూల్‌బార్లన్నీ మాయం. ఆ రోజుల్లో ఎఫ్4 అంటే డిజిటైజర్ టాబ్లెట్ ఆన్, ఆఫ్. ఇప్పుడు త్రీడీ ఆబ్జెక్ట్ స్నాప్. అంటే కంపెనీ వాళ్లే ఒక కీ పని మార్చారు, నేను కాదనను. కానీ ఎఫ్3 ఓస్నాప్ (గీతల చివరలు, మధ్యలు పట్టుకునేది), ఎఫ్8 ఆర్థో (గీత అడ్డంగా, నిలువుగా మాత్రమే పోయేలా చేసేది), ఇవి దేశంలో ఏ ఆఫీసుకి వెళ్లినా ఒకటే. ఆ అలవాటే మన ఆస్తి. విశాఖపట్నంలో ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్ల సిస్టమ్ మీద, వాళ్ల సెట్టింగుల మీద టెస్ట్ పెడతారు. అక్కడ నీ ఎఫ్5 నీ మాట వినదు.

అందులోనూ ఇద్దరు ముగ్గురు కూర్చునే సిస్టమ్ అంటున్నావు. అద్దె ఇంట్లో గోడకి మేకులు కొట్టినట్టు ఉంటుంది. ఆలోచించుకో బాబూ.

ఏడురోడ్ల_కుర్రోడు
పాతకాపు గారూ, ఇంటర్వ్యూ కోసం రోజూ ఇబ్బంది పడాలా? నేను ఎఫ్6కి మ్యాచ్ ప్రాపర్టీస్ (ఒక గీత రంగు, లేయర్ లాంటివి ఇంకో గీతకి అంటించేది) పెట్టుకున్నాను. రోజులో ఎన్నిసార్లు వాడతానో నాకే తెలీదు.

పాతకాపు_డ్రాయింగ్‌బోర్డు
ఎం, ఏ, స్పేస్. మూడు నొక్కులు. దానికోసం ఒక కీ ఖర్చు పెట్టాలా?

ఏడురోడ్ల_కుర్రోడు
మూడు ఎక్కడ, ఒకటి ఎక్కడ సార్. ఎం కోసం ఎడమచెయ్యి కుడివైపుకి వెళ్లాలి. అదే నా గోల.

పైడిభీమవరం_పైపింగ్
ఎఫ్5 ఎవరూ వాడరని ఎవరన్నారు? ఫార్మా ప్లాంట్లకి పైపింగ్ ఐసోమెట్రిక్స్ (మూడు వైపులూ ఒకేసారి కనపడేలా ఏటవాలుగా వేసే బొమ్మలు) వేసేవాళ్లని అడగండి. ఐసోమెట్రిక్ స్నాప్ పెట్టుకుని ఎఫ్5 కొడుతూ ఉంటే కర్సర్ ఎడమ ప్లేన్, పై ప్లేన్, కుడి ప్లేన్ అని తిరుగుతుంది. ఎల్బో దగ్గర లైను మలుపు తిరిగిన ప్రతిసారీ ఎఫ్5. ఎలిప్స్‌లో ఐసోసర్కిల్ వేసేటప్పుడు కూడా ఏ ప్లేన్‌లో ఉన్నామో దీనితోనే మార్చుకుంటాం. ఆ కీ తీసేస్తే నేను కంట్రోల్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరం 'ఈ' కలిపి నొక్కుకోవాలి. పని జరుగుతుంది, కానీ చెయ్యి ఊరుకోదు కదా.

ఇళ్ల ప్లాన్లు వేసేవాళ్లు ఎఫ్5 మార్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ "పనికిరాని కీ" అనొద్దు, మనసు నొచ్చుకుంటుంది.

గంటస్తంభం_డ్రాఫ్టర్
క్షమించాలి పైపింగ్ అన్నా, నేను ముట్టుకోలేదన్నాను కానీ పనికిరాదనలేదు 😀

వాస్తు_బాధితుడు
ఎఫ్5కి ఎల్బోలు, నాకేమో ఈశాన్యంలో మెట్లు. ఎవరి బాధ వాళ్లది.

ఆమదాలవలస_సర్వే
నా బాధ ఎఫ్12. దాన్ని ఎవరైనా తీసేయమంటే ఓటేస్తాను.

లేఅవుట్ల పని మాది. టోటల్ స్టేషన్ (సర్వే పరికరం) నుంచి వచ్చిన ఈస్టింగ్, నార్తింగ్ (తూర్పుకి, ఉత్తరానికి ఎన్ని మీటర్లో చెప్పే) విలువలు చూసి కుర్రాళ్లు లైన్ కమాండ్‌లో టైప్ చేస్తారు. ఎఫ్12 అంటే కర్సర్ పక్కనే విలువలు కొట్టనిచ్చే డైనమిక్ ఇన్‌పుట్ ఆన్‌లో ఉంటే మొదటి పాయింట్ సరైన చోటే పడుతుంది. రెండో పాయింట్ నుంచి మీరు కొట్టిన విలువని అది అసలు కోఆర్డినేట్‌గా తీసుకోదు, మొదటి పాయింట్ నుంచి దూరంగా తీసుకుంటుంది. మన శ్రీకాకుళం వైపు యూటీఎమ్ (భూమిని జోన్లుగా విడదీసి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) నార్తింగ్ 20 లక్షల మీటర్ల పైనే ఉంటుంది. అంటే రెండో రాయి సైట్లో పక్కనే ఉండాల్సింది 40 లక్షల దగ్గరకి ఎగిరిపోతుంది. జూమ్ ఎక్స్‌టెంట్స్ (డ్రాయింగ్ మొత్తం స్క్రీన్‌లో పట్టేలా చూపించేది) కొడితే స్క్రీన్ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత తప్ప ఏమీ కనపడదు. లేఅవుట్ ఏమైందని అందరూ వెతుక్కోవడం.

విలువ ముందు హ్యాష్ గుర్తు పెట్టి కొడితే అసలు కోఆర్డినేట్‌గా తీసుకుంటుంది. లేదా ఎఫ్12 ఆఫ్ చేసి కమాండ్ లైన్లో కొట్టాలి. మా దగ్గర రెండో పద్ధతే. కొత్తవాళ్లకి హ్యాష్ గుర్తుండదు.

టెక్కలి_గ్రానైట్
సర్వే అన్నా, మీ జోన్ 44యేనా? మాది 45 అని చెప్పి ఎవరో ఫైల్ వెనక్కి పంపారు.

ఆమదాలవలస_సర్వే
84 డిగ్రీల రేఖాంశం దగ్గర జోన్ మారుతుంది. శ్రీకాకుళం టౌన్ 44లో ఉంది, నరసన్నపేట దగ్గరకి వచ్చేసరికి 45. మీ టెక్కలి, పలాస పూర్తిగా 45లోనే. ఒకే జిల్లాలో రెండు జోన్లు, మా కర్మ. అది వేరే టాపిక్, ఇంకో థ్రెడ్ పెట్టండి, అక్కడ తిట్టుకుందాం.

బొబ్బిలి_ఇంటీరియర్స్
నా సమస్య ఇంకో రకం. ఇంటి దగ్గరే ల్యాప్‌టాప్ మీద కిచెన్, వార్డ్‌రోబ్ డ్రాయింగులు వేస్తాను. ఎఫ్8 కొడితే ఆర్థో రాదు, సౌండ్ పెరుగుతుంది. ఎఫ్3 కొడితే ఇంకేదో. ప్రతిదానికీ కింద ఎఫ్‌ఎన్ పట్టుకుని నొక్కాలి. బాబు పక్కన పడుకుని ఉంటే ఒక్కసారిగా ఫుల్ సౌండ్, వాడు లేచి కూర్చుంటాడు. దీన్ని కూడా ఆ సీయూఐలోనే మార్చాలా?

రాజాం_సివిల్
కాదక్కా, అది ఆటోక్యాడ్ వరకు రానే రాదు. ఆటోక్యాడ్‌కి ఎఫ్8 నొక్కినట్టే తెలీదు, ల్యాప్‌టాపే మధ్యలో పట్టుకుని సౌండ్ కీగా మార్చేస్తోంది. ముందు ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి ఒకసారి నొక్కి చూడండి. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో అదే ఎఫ్‌ఎన్ లాక్. ఎస్కేప్ బటన్ మీద చిన్న తాళం బొమ్మ ఉంటే ఖాయం.

హెచ్‌పీ అయితే స్విచ్ ఆన్ చేస్తూ ఎఫ్10 కొడుతూ బయాస్‌లోకి వెళ్లి, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో యాక్షన్ కీస్ మోడ్ అన్నది డిసేబుల్ చేయాలి. లెనోవోల్లో బయాస్‌లో ఉంటే దాని పేరు హాట్‌కీ మోడ్.

బొబ్బిలి_ఇంటీరియర్స్
తాళం బొమ్మ ఉంది! ఇన్నాళ్లూ అది ఎందుకుందో పట్టించుకోలేదు. ఎఫ్8కి ఆర్థో వచ్చేసింది. థాంక్స్ తమ్ముడూ. బాబు కూడా థాంక్స్ చెప్తాడు.

నరసన్నపేట_క్యాడ్
ల్యాప్‌టాప్‌లలో ఎఫ్1 గొడవ ఇంకా ఎక్కువ. డెస్క్‌టాప్ కీబోర్డులో ఎస్కేప్‌కీ ఎఫ్1కీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో రెండూ ఆనుకునే ఉంటాయి. అక్కా, మీరు కూడా పైన రాజాం అన్న చెప్పిన మాక్రో పెట్టేసుకోండి.

కొత్తవలస_లిస్ప్
ఎఫ్1కి ఇంకో పొట్టి దారి కూడా ఉంది. అన్‌డిఫైన్ అని కొట్టి ఎంటర్, హెల్ప్ అని కొట్టి ఎంటర్. అంతటితో హెల్ప్ కమాండ్ చచ్చిపోతుంది. తిరిగి కావాలంటే రీడిఫైన్ కొట్టి హెల్ప్ అనాలి. సెషన్ మూసి తెరిస్తే మళ్లీ బతుకుతుంది కాబట్టి, ఏక్యాడ్‌డాక్ లిస్ప్ (ఆటోక్యాడ్‌లో ప్రోగ్రాములు రాసుకునే భాష) ఫైల్లో ఒక లైను రాసి పెట్టుకుంటే డ్రాయింగ్ తెరిచిన ప్రతిసారీ అదే చంపేస్తుంది.

తమాషా ఏమిటంటే ఆ తర్వాత ఎఫ్1 కొడితే కమాండ్ లైన్లో "హెల్ప్ అనే కమాండ్ తెలియదు, సహాయం కోసం ఎఫ్1 నొక్కండి" అని ఇంగ్లిష్‌లో వస్తుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే.

ఏడురోడ్ల_కుర్రోడు
ఆఫీసుల చుట్టూ తిప్పడం దానికి కూడా వచ్చేసిందన్నమాట. ఈ కౌంటర్లో అడిగితే ఆ కౌంటర్, ఆ కౌంటర్లో అడిగితే ఈ కౌంటర్.

రాజాం_సివిల్
లిస్ప్ గారి దారిలో ఒక లోటు ఉంది. హెల్ప్ రాదు నిజమే, కానీ నడుస్తున్న కమాండ్ క్యాన్సిల్ కూడా కాదు. గంటస్తంభం తమ్ముడు అడిగింది ఎస్కేప్‌లా పనిచేయాలని. దానికి మాక్రోయే సరైనది.

కొత్తవలస_లిస్ప్
ఒప్పుకున్నా. నాది హెల్ప్ నోరు మూయించడానికే.

పలాస_జీడిపప్పు
మాది ఆటోక్యాడ్ ఎల్టీ, అంటే కొన్ని సౌకర్యాలు తగ్గించిన చిన్న వెర్షన్. ఇవన్నీ దానిలో వస్తాయా?

కొత్తవలస_లిస్ప్
సీయూఐ ఎల్టీలో కూడా ఉంది, ఎఫ్1 మాక్రో పెట్టుకోవచ్చు. లిస్ప్ మాత్రం ఎల్టీకి 2024 వెర్షన్‌తోనే వచ్చింది. అంతకన్నా పాతది అయితే ఏక్యాడ్‌డాక్ దారి లేదు.

గంటస్తంభం_డ్రాఫ్టర్
నేను ఎఫ్4కి జూమ్ ఎక్స్‌టెంట్స్ పెట్టుకుందామనుకుంటున్నాను. మధ్యలో వేరే కమాండ్ నడుస్తుండగా ఎఫ్4 కొడితే ఆ కమాండ్ తెగిపోకూడదు. ఎలా?

రాజాం_సివిల్
అయితే మాక్రోలో క్యారెట్ సీలు రెండూ తీసేయండి. వాటి బదులు మొదట ఒక సింగిల్ కోట్, తర్వాత అండర్‌స్కోర్, జూమ్, స్పేస్, అండర్‌స్కోర్, చివర ఇంగ్లిష్ అక్షరం 'ఈ'. ముందున్న సింగిల్ కోట్ వల్ల అది నడుస్తున్న కమాండ్ మధ్యలో దూరి తన పని చూసుకుని వెళ్లిపోతుంది. మీ లైన్ ఎక్కడ ఆగిందో అక్కడ నుంచే సాగుతుంది. జూమ్, పాన్ లాంటివాటికి ఇలా చేయవచ్చు. ట్రిమ్, కాపీ లాంటివాటికి కుదరదు, వాటికి క్యారెట్ సీలు ముందు ఉండాల్సిందే.

పాతకాపు_డ్రాయింగ్‌బోర్డు
జూమ్ ఎక్స్‌టెంట్స్‌కి కీ ఎందుకు బాబూ? మౌస్ చక్రం మీద రెండుసార్లు టకటకా నొక్కితే అదే కదా.

గంటస్తంభం_డ్రాఫ్టర్
మా మౌస్ చక్రం నొక్కితే కిందకి దిగదు సార్. ఓనరు గారిని కొత్త మౌస్ అడగడం కన్నా సీయూఐ నేర్చుకోవడం తేలిక.

వాస్తు_బాధితుడు
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన వాటిలో అసలైన ఇంజనీరింగ్ మాట ఇదే.

కొత్త_డిప్లొమో
నాదొక డౌట్. ఎఫ్8 ఆన్ చేస్తే ఎఫ్10 దానంతట అదే ఆగిపోతోంది. ఎఫ్10 ఆన్ చేస్తే ఎఫ్8 పోతోంది. కీబోర్డు పాడైందా? ఇంకోటి, ఒక్కోసారి కర్సర్ జారకుండా గంతులేస్తోంది, గోడ మూలకి వెళ్లమంటే అటు ఇటు దూకుతోంది.

నరసన్నపేట_క్యాడ్
కీబోర్డు బాగానే ఉంది. ఆర్థో, పోలార్ (ఎఫ్10, పెట్టుకున్న కోణాల్లో గీతని పట్టేది) రెండూ కలిసి ఉండవు, ఒకటి వస్తే ఇంకోటి పోతుంది. గంతులేయడం ఎఫ్9 పని. నీకు తెలీకుండా నొక్కి ఉంటావు, స్నాప్ ఆన్ అయింది. మళ్లీ నొక్కు, దారికొస్తుంది. ఎఫ్3కీ ఎఫ్9కీ తేడా తెలుసుకో ముందు. ఎఫ్3 గీతల చివరలు, మధ్యలు పట్టుకుంటుంది. ఎఫ్9 ఖాళీ జాగాలో కూడా గడుల లెక్కన దూకిస్తుంది. ఇంటి ప్లాన్లలో దాదాపు ఎవరికీ అక్కర్లేదు.

ఏడురోడ్ల_కుర్రోడు
అందుకే నేను ఎఫ్9ని కూడా మార్చేశాను. ఇప్పుడు అది లేయర్ ఐసోలేట్. పర్మిషన్ కోసం డ్రాయింగ్ పంపేటప్పుడు ఏ గీత ఏ లేయర్లో ఉందో ఒక్కొక్కటే చూసుకోవాలి కదా. ఒక గీత ఎంచుకుని ఎఫ్9, మిగతావన్నీ మాయం. చూసుకున్నాక షిఫ్ట్, ఎఫ్9 కలిపి నొక్కితే అన్ఐసోలేట్. షిఫ్ట్‌తో, కంట్రోల్‌తో కలిపి కూడా పెట్టుకోవచ్చని చాలామందికి తెలీదు. అప్పుడు ఉన్న కీ చెడగొట్టకుండానే కొత్త పని తగిలించవచ్చు.

పాతకాపు_డ్రాయింగ్‌బోర్డు
కుర్రోడా, ఆ చివరి ముక్క బాగుంది. మొదటే అలా చెప్పి ఉంటే నేను ఇంత టైప్ చేసేవాణ్ణి కాదు. ఎఫ్9 అలాగే ఉంచి, ఐసోలేట్‌ని కంట్రోల్, ఎఫ్9 మీద పెట్టుకో. నీ పక్కన కూర్చునేవాడికి నీ వల్ల ఇబ్బంది ఉండదు. కంట్రోల్, ఎఫ్4 మాత్రం ముట్టుకోవద్దు, అది తెరిచి ఉన్న డ్రాయింగ్ మూసేది. ఆల్ట్, ఎఫ్4 సంగతి అందరికీ తెలిసిందే.

ఏడురోడ్ల_కుర్రోడు
ఒప్పుకున్నాను సార్. అయినా నా సిస్టమ్ నాదే, ఎఫ్9 నేను మార్చినట్టే ఉంచుతాను.

చీపురుపల్లి_ఆటోహాట్‌కీ
ఎందుకింత తిప్పలు? ఆటోహాట్‌కీ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఆటోక్యాడ్ విండో ముందున్నప్పుడు మాత్రమే ఎఫ్1ని ఎస్కేప్‌గా మార్చవచ్చు. రెండు మూడు లైన్ల స్క్రిప్ట్. డైలాగ్ బాక్స్‌లలో కూడా పనిచేస్తుంది, ఎందుకంటే ఆటోక్యాడ్‌కి నిజంగా ఎస్కేప్ నొక్కినట్టే చేరుతుంది. సీయూఐ మాక్రోకి ఆ శక్తి లేదు. ఒక్క షరతు, ఆటోక్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా నడుపుతుంటే స్క్రిప్ట్‌ని కూడా అలాగే నడపాలి, లేకపోతే దాని మాట వినదు.

మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ ఉంది కానీ, దానిలో ఒక కీని ఇంకో కీగా మారిస్తే మొత్తం విండోస్‌కి వర్తిస్తుంది. ఎక్సెల్‌లో హెల్ప్ కావాలన్నా ఎఫ్1 రాదు.

పాతకాపు_డ్రాయింగ్‌బోర్డు
ఎక్సెల్‌లో హెల్ప్ కోసం ఎఫ్1 నొక్కినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

విజయనగరం_స్ట్రక్చరల్
ఇద్దరు ముగ్గురు ఒకే సిస్టమ్ వాడే విషయం ఎవరూ సరిగా చెప్పలేదు. మా ఆఫీసులో నేను పెట్టించిన పద్ధతి చెప్తాను.

మీరు మార్చిన కీలన్నీ సీయూఐఎక్స్ ఫైల్లో దాగుంటాయి. ఏ సీయూఐఎక్స్ వాడాలో ఆప్షన్స్‌లో ఫైల్స్ ట్యాబ్ కింద, కస్టమైజేషన్ ఫైల్స్‌లో మెయిన్ కస్టమైజేషన్ ఫైల్ అనే చోట రాసి ఉంటుంది. ఆ దారి ప్రొఫైల్‌ని బట్టి మారుతుంది. కాబట్టి ముందు అసలు ఫైల్‌ని ఇంకో పేరుతో కాపీ చేయండి. ఆప్షన్స్‌లో ప్రొఫైల్స్ ట్యాబ్‌కి వెళ్లి, యాడ్ టు లిస్ట్ నొక్కి మీ పేరుతో ఒక ప్రొఫైల్ చేసుకోండి, దాన్ని సెట్ కరెంట్ చేయండి. ఇప్పుడు మెయిన్ కస్టమైజేషన్ ఫైల్‌గా మీ కాపీ చూపించండి. ఇక మీరు సీయూఐలో ఏం మార్చినా మీ కాపీలోనే మారుతుంది, అసలుది అలాగే ఉంటుంది.

తర్వాత డెస్క్‌టాప్ మీద ఆటోక్యాడ్ షార్ట్‌కట్‌ని కాపీ చేసి, ప్రాపర్టీస్‌లో టార్గెట్ గడి చివర స్పేస్ ఇచ్చి స్లాష్ పీ, మళ్లీ స్పేస్, కోట్స్‌లో మీ ప్రొఫైల్ పేరు. ఎవరి ఐకాన్ వాళ్లు నొక్కుకుంటారు, ఎవరి కీలు వాళ్లకి. మా దగ్గర ఐకాన్ల కింద పేర్లు రాసి ఉంటాయి, ఇంకొకడి ఐకాన్ నొక్కితే టీ వాడి వంతు.

ఒక జాగ్రత్త. ఒకరి ఐకాన్‌తో తెరిచి ఉండగానే ఇంకొకరు వచ్చి కూర్చుంటే ప్రొఫైల్ దానంతట అదే మారదు. మూసి, తమ ఐకాన్‌తో తెరవాలి. విండోస్‌లోనే ఎవరి లాగిన్ వాళ్లకి ఉంటే ఇదంతా అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఫైళ్లు ఒక్కో లాగిన్‌కి వేరే రోమింగ్ ఫోల్డర్లో ఉంటాయి. కానీ చిన్న ఆఫీసుల్లో అందరూ ఒకే లాగిన్, పాస్‌వర్డ్ మానిటర్‌కి అంటించి ఉంటుంది, మనకి తెలిసిందే.

గంటస్తంభం_డ్రాఫ్టర్
మేడమ్, ఇదే కావాలి నాకు. మా వాళ్లలో ఒకతను ఎఫ్1 మార్చినందుకే "నాకు హెల్ప్ కావాలి, ఎందుకు తీశావు" అని మొదలుపెట్టాడు. ఇదివరకు అతను హెల్ప్ చదవగా ఎవరూ చూడలేదు.

విజయనగరం_స్ట్రక్చరల్
అతనికి అతని ఐకాన్ ఇచ్చేయండి. ఇంకో మాట, హెల్ప్ కావాలనుకునేవాళ్లకి నెట్ నెమ్మదిగా ఉంటే ఆఫ్‌లైన్ హెల్ప్ విడిగా డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఆప్షన్స్‌లో సిస్టమ్ ట్యాబ్‌లో ఆన్‌లైన్ కంటెంట్ వాడమనే టిక్ తీసేస్తే సిస్టమ్‌లో ఉన్నదే తెరుస్తుంది.

పలాస_జీడిపప్పు
మా ఆఫీసులో కొత్త వెర్షన్ వేశారు. పాత దానిలో చేసుకున్న కీలన్నీ పోయాయి. పాత సీయూఐఎక్స్ ఫైల్ తెచ్చి కొత్తదాని మీద పడేయనా?

విజయనగరం_స్ట్రక్చరల్
వద్దు. కొత్త వెర్షన్‌లో వచ్చిన రిబ్బన్ బటన్లు పాత ఫైల్లో ఉండవు, కొన్ని మాయమవుతాయి. సీయూఐ బాక్స్‌లో ట్రాన్స్‌ఫర్ ట్యాబ్ ఉంది. ఒకవైపు కొత్త ఫైల్, ఇంకోవైపు పాత ఫైల్ తెరిచి, షార్ట్‌కట్ కీస్‌లో మీరు చేసుకున్నవాటిని మాత్రమే అటు నుంచి ఇటు లాక్కోండి. సేవ్ చేయడం మర్చిపోకండి. ఎక్కడైనా గందరగోళం అయితే సీయూఐలో మెయిన్ ఫైల్ పేరు మీద రైట్ క్లిక్ కొడితే రీసెట్ ఉంటుంది, కంపెనీ ఇచ్చిన రూపానికి వచ్చేస్తుంది. ముందు కాపీ తీసి పెట్టుకుని రీసెట్ నొక్కండి.

పైడిభీమవరం_పైపింగ్
కీలు మార్చకుండానే కొంత పని జరిగే దారి ఒకటి ఉంది, ఎవరూ అనలేదు. లైన్ వేస్తూ షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే ఆ కాసేపు ఆర్థో తిరగబడుతుంది. ఆన్‌లో ఉంటే ఆఫ్, ఆఫ్‌లో ఉంటే ఆన్. వదిలేస్తే మళ్లీ మామూలే. షిఫ్ట్‌తో పాటు ఇంగ్లిష్ అక్షరం 'ఏ' పట్టుకుంటే ఓస్నాప్ అలాగే. టెంపరరీ ఓవర్‌రైడ్ కీస్ అంటారు, సీయూఐలో షార్ట్‌కట్ కీస్ కిందే వాటి లిస్టు ఉంటుంది. నేను ఎఫ్8 దాదాపు మానేశాను.

కొత్త_డిప్లొమో
ఇవన్నీ గుర్తుండాలి కదా. ఏ కీకి ఏముందో మొత్తం ఒకేచోట చూసే వీలుందా? గోడకి అంటించుకుంటాను.

రాజాం_సివిల్
ఉంది. సీయూఐలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ అన్న పేరు మీద ఒక క్లిక్ కొట్టు. కుడివైపు మొత్తం లిస్టు వస్తుంది, దాని పైన ప్రింట్ బటన్, పక్కన కాపీ బటన్ ఉంటాయి. కాపీ చేసి ఎక్సెల్‌లో అతికించుకుని, నీకు అక్కర్లేని వరుసలు తీసేసి ప్రింట్ తీసుకో. మొత్తం ప్రింట్ తీస్తే చాలా పేజీలు వస్తాయి, ఓనరు గారు టోనర్ సంగతి అడుగుతారు.